అరిగినా మిగిలే అచ్చు

ఇద్దరి పోలికలు కలిస్తే అచ్చుగుద్దినట్టున్నారంటాం. పిల్లవాణ్ణి చూసి అచ్చు వాళ్ళ తాతేనంటాం. ఈ మాట నోట్లోంచి వచ్చిందంటే రెండింటికీ తేడా లేదని తేల్చేసినట్టే. ఆ ధీమాను కదిలించే వస్తువు ఒకటుంది: అమెరికా తొలినాటి రాగి సెంటు. ఫిలడెల్ఫియా టంకసాలలో 1793 నుంచి 1814 దాకా కొట్టిన పెద్ద సెంట్లను, వాటిని గుద్దిన అచ్చుల్ని బట్టి దాదాపు మూడు వందల రకాలుగా విడదీశారు. ఒక్క 1794కే యాభైకి పైగా ఉన్నాయి. టంకసాల ఒకటే, విలువ ఒకటే, పైచూపుకి బొమ్మా ఒకటే. అన్నిటినీ ఒకేలా చేస్తుందని మనం నమ్మే అచ్చే అక్కడ ఒక నాణేన్ని ఇంకో నాణెం నుంచి వేరుచేస్తోంది. అందుకే ఈ మాట ఎక్కడెక్కడ తిరిగిందో ఒకసారి చూడాలనిపించింది.

అచ్చు అనే రూపంలో మన భాషలో కనీసం మూడు మాటలు ఒదిగి ఉన్నాయి. హల్లుకు జోడీగా బడిలో నేర్చుకున్న అచ్చు పాణినీయం నుంచి వచ్చింది. మాహేశ్వర సూత్రాల్లో మొదటి అకారం దగ్గర మొదలుపెట్టి నాలుగో సూత్రం చివరి చకారం దాకా తీసుకుంటే వచ్చే ప్రత్యాహారం ‘అచ్’. తెలుగు దానికి ఉకారం తగిలించింది. అచ్చతెలుగు, అచ్చమైన నెయ్యి అన్నచోట ఉన్నది ఇంకో మాట. తేట అనే అర్థమున్న సంస్కృత ‘అచ్ఛ’కు చుట్టం. మూడోది ముద్రవేసే పనిముట్టు. తమిళం, కన్నడం, మలయాళాల్లోనూ దానికి ఇదే రూపం, ఇదే అర్థం.

రెండోదీ మూడోదీ వాడుకలో ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయని నా అనుమానం. ‘అచ్చం వాళ్ళ నాన్నే’ అన్నా, ‘అచ్చు వాళ్ళ నాన్నే’ అన్నా వినేవాడికి తేడా తెలియదు. మొదటిది కల్తీ లేదంటుంది, రెండోది తేడా లేదంటుంది. రెండూ మన చెవికి ఒకటైపోయాయి. నాణేల దగ్గర మాత్రం వీటిని విడివిడిగా పట్టుకోవాలి. కల్తీ లేని సరుకును నాణ్యమైనది అంటున్నామంటే అది నాణెం నుంచి వచ్చిన మెప్పే. కానీ రెండు నాణేలు సమానంగా నాణ్యమైనవై ఉండి, ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు లేకపోవచ్చు. తొలినాటి సెంట్ల కథంతా ఈ సందులోనే ఉంది.

అచ్చు పక్కన కూర్చునే క్రియల్ని గమనిస్తే పాత పనితనాలన్నీ వరసగా కనిపిస్తాయి. అచ్చు పోస్తాం, అచ్చు ఒత్తుతాం, అచ్చు వేస్తాం, అచ్చు గుద్దుతాం. పోయడం కరిగిన లోహానికీ బెల్లపు పాకానికీ చెల్లుతుంది. ఒత్తడం మట్టికీ పిండికీ. వేయడం బట్ట మీద రంగుకీ కాగితం మీద సిరాకీ. గుద్దడం చల్లగా, గట్టిగా, మొండిగా ఉన్న లోహానికి. దేవుడి పేర ముద్రవేసి వదిలిన ఎద్దును ‘అచ్చోసిన ఆంబోతు’ అన్నారు. ఆ ముద్రను చూసే జనం దాన్ని తోలకుండా వదిలేసేవారు. ఒంటి మీది గుర్తును బట్టి ఇది ఎవరిదో చెప్పగలగడం అనే అర్థం అప్పటికే ఈ మాటలో చేరిపోయింది.

ఇంకొక విశేషముంది. పనిముట్టు అచ్చే, అది వేసిన ముద్రా అచ్చే, ముద్ర పడి బయటికొచ్చిన వస్తువూ అచ్చే. బెల్లం అచ్చు కొనుక్కొచ్చామంటే చెక్క పెట్టె కొనుక్కొచ్చినట్టు కాదు కదా. మధ్యయుగపు తమిళ శాసనాల్లో అచ్చు అన్నది ఏకంగా ఒక నాణెం పేరు. పుస్తకాల దగ్గరికొస్తే ఈ మాట ఇంకో మెట్టెక్కింది. ‘ఈ పుస్తకం రెండో అచ్చు’ అంటే పనిముట్టూ కాదు, వస్తువూ కాదు; ఒకే ఏర్పాటు నుంచి పుట్టిన ప్రతులన్నిటి గుంపు. ఈ చివరి అర్థాన్ని గట్టిగా పట్టుకుంటున్నాను, దీనితో పని ఉంది.

మగ్గం దగ్గర కూడా అచ్చుంది. పడుగు పోగులు ఒకదాని మీదికి ఒకటి పోకుండా, వేటి సందులో అవి ఉండేలా విడదీసి పట్టే సాధనాన్ని నేతవాళ్ళు అచ్చు అంటారు. పాత పడుగు అయిపోయి కొత్తది ఎక్కించేటప్పుడు ఒక్కొక్క పోగునూ వేళ్ళతో మెలిపెట్టి కలపడం అచ్చు అతకడం. ఇక్కడి అచ్చు బొమ్మ వేయదు, అక్షరం వేయదు. దాని పనల్లా దూరాలు కాపాడటం. అరిగిపోయిన సెంటు ఏ అచ్చుదో చెప్పేటప్పుడు కడదాకా సాయపడేది కూడా ఈ దూరాలే.

ఆ అచ్చులు అన్ని రకాలుగా ఎందుకున్నాయో అర్థం కావాలంటే వాటి తయారీ తెలియాలి. 1792 ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్ నాణేల చట్టం చేసింది. మరుసటేడు మార్చిలో ఫిలడెల్ఫియా టంకసాల మొదటి సెంట్లు బయటికొచ్చాయి. మన పది రూపాయల నాణెం అంత వెడల్పు, లేదా దానికి కాస్త ఎక్కువ. బరువు మాత్రం బాగా ఎక్కువ, మొదట 208 గ్రెయిన్లు, అంటే పదమూడున్నర గ్రాములకు దగ్గర. 1795 చివర్లో 168 గ్రెయిన్లకు తగ్గించారు. కొత్త దేశం, చిన్న టంకసాల, రాగి చాలక తుక్కు రాగి కూడా కొనుక్కోవలసిన పరిస్థితి. 1793 శరత్తులో పచ్చజ్వరం ఊరిని ఊపేసింది. అందమైన లిబర్టీ క్యాప్ సెంటుకు అచ్చు చెక్కిన జోసెఫ్ రైట్ ఆ జ్వరానికే పోయాడు. ఆ తరవాత ఆ పని రాబర్ట్ స్కాట్ చేతికొచ్చింది.

మెత్తగా కాచిన ఉక్కు దిమ్మె ఒకటి తీసుకుని, దాని నున్నటి మొహం మీద అన్నీ తిరగేసి చెక్కాలి. నాణెం మీద మిట్టగా రావలసింది అచ్చులో పల్లంగా ఉండాలి, కుడివైపు రావలసింది ఎడమవైపు ఉండాలి. స్వేచ్ఛకు ప్రతీకగా నిలిపిన లిబర్టీ అనే స్త్రీ తలను ఒక పెద్ద పంచ్‌తో దించేవారు. ఆ తరవాత అక్షరాలు ఒక్కొక్కటీ వేరువేరు చిన్న ఉక్కు పంచ్‌లతో, ఒక్కొక్క సుత్తి దెబ్బతో పడేవి. సంవత్సరం అంకెలూ అంతే. వెనక వైపు ఆకుల దండకు కాడలూ చిరుపండ్లూ చేత్తో చేర్చేవారు. అంతా అయ్యాక దిమ్మెను ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి గట్టిపరిచేవారు. అప్పటి ఉక్కు నమ్మకమైనది కాదు. కొన్ని అచ్చులు కొద్ది రోజుల్లోనే బీటలిచ్చేవి. కొత్తది చెక్కాలి. చెక్కేవాడి చెయ్యి నిన్న ‘బి’ అక్షరాన్ని పెట్టిన చోటే ఇవాళ పెట్టదు. వెంట్రుకవాసి కుడికో ఎడమకో జరుగుతుంది.

కాబట్టి అచ్చుగుద్దినట్టు అనే మాట ఒకే అచ్చు కింద పడ్డ నాణేల మధ్య మాత్రమే నిజం. అచ్చుకూ అచ్చుకూ మధ్య ఉన్నది చేతిరాతకూ చేతిరాతకూ మధ్య ఉండే తేడాయే. ఇది మొదటిసారి బోధపడ్డప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. లక్షల కొద్దీ నాణేలు కొట్టిన యంత్రం వెనక, ఒక్కొక్క అక్షరం దగ్గరా ఒక మనిషి సుత్తెత్తి ఆగిన క్షణం ఉంది. ఆ తడబాటు కొలవగలిగినదిగా ఇప్పటికీ రాగి మీద ఉంది.

నాణేనికి రెండు వైపులు, రెండు అచ్చులు. వీటికి కొత్త పేర్లు వెతకక్కర్లేదు. నాణెం ఎగరేసి బొమ్మా బొరుసా అని అడిగే భాష మనది. బొమ్మ అచ్చు, బొరుసు అచ్చు అంటే చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది. ఆ రెండూ ఒకేసారి పగలవు. బొమ్మ అచ్చు పగిలితే దాన్ని మార్చి, బొరుసు అచ్చును మరో బొమ్మతో జతకట్టి నడిపేవారు. ఒక్కొక్క జంటా ఒక్కొక్క రకం. అమెరికన్ సేకర్తలు ఈ జతను పెళ్ళి అనే అర్థమున్న మాటతోనే పిలుస్తారు. మనం జంట అంటే చాలు. సంవత్సరాలు దాటి కూడా ఈ జతలు కుదిరేవి: 1798 బొమ్మకు 1796 నాటి తీరులో చెక్కిన పాత బొరుసు జతపడ్డ సెంట్లు ఉన్నాయి. వాడకుండా మిగిలిన అచ్చును పారేయబుద్ధి కాక, పాత అంకె మీద కొత్త అంకె కొట్టి నడిపిన సందర్భాలూ ఉన్నాయి. 1799 సెంట్లలో ఒక రకానికి చివరి తొమ్మిది కింద ఎనిమిది తొంగిచూస్తుంది.

ఇప్పుడు అరుగుదల సంగతి. అరుగు అన్న క్రియ పాత తెలుగులో వెళ్ళడానికి కూడా వాడినదే. అరిగెను అంటే వెళ్ళెను. అరుగుదెంచెను అంటే వచ్చెను. తిన్నది అరగడం, చెప్పు అరగడం, కత్తి అరగడం ఆ పక్కనే ఉన్న అర్థాలు. కాళ్ళరిగేలా తిరిగామన్నప్పుడు వెళ్ళడమూ తరగడమూ ఒకే మాటలో కలుస్తాయి. నాణేనికి ఇంతకన్నా సరిపోయే క్రియ ఇంకోటి లేదు. పెట్టెలో దాచింది అరగదు, చేతులు మారింది అరుగుతుంది. ఈ సెంట్లు చాలావరకు దశాబ్దాల పాటు చేతులు మారాయి. 1857లో వీటిని ఆపేసి చిన్న సెంటు తెచ్చేదాకా ఇవే చిల్లర.

అరిగేటప్పుడు ముందు పోయేది మిట్ట. లిబర్టీ జుట్టు పాయలు, చెంప, భుజం మీది బట్ట మడతలు ముందు చదునవుతాయి. చెక్కినవాడు అందరూ చూడాలని దేన్ని ముందుకు తెచ్చాడో, జనం చేతులు దాన్నే ముందు తుడిచేస్తాయి. అచ్చు కాస్త వాలుగా బిగించి ఉంటే ఒక పక్క అక్షరాలు మొదట్నుంచీ బలహీనం. అవీ త్వరగా పోతాయి. రాగి మట్టిలో పడి ఉంటే పైపొర గుల్లబారి నల్లబడుతుంది. అన్నీ పోయాక కూడా అక్షరం అడుగు నీడలా మిగులుతుంది. దాని ఆకారం చదవలేకపోవచ్చు. అది ఎక్కడ నిలబడిందో చెప్పొచ్చు. ఆకు కొస ఏ అక్షరం కాలి కిందికి వచ్చింది, మొదటి అంకె కురుల చివరకు ఎంత దూరంలో ఉంది, ‘ఎల్’ తల మీది పట్టీకి పైనా పక్కనా, పండ్లు ఎడమ కొమ్మకెన్ని కుడి కొమ్మకెన్ని: ప్రశ్నలన్నీ ఇలాంటివే. నేత అచ్చులో పోగుల సందుల్లా, ఆకారం చెదిరినా ఎడం చెదరదు.

ఒక నాణేన్ని దగ్గరగా చూద్దాం. నల్లటి రాగి బిళ్ళ, బొమ్మ వైపు పట్టీ కట్టిన జుట్టు, భుజం మీద బట్ట ఉన్న స్త్రీ రూపం నీడలా ఉంది. ఆ బొమ్మ 1796 నుంచి 1807 దాకా నడిచింది కాబట్టి సంవత్సరం ఆ మధ్యదే. అంచు మీద అక్షరాలు లేవు; సెంటు బరువుగా ఉన్న తొలి సంవత్సరాల్లో అంచు చుట్టూ డాలరుకు వంద అని రాసేవారు. సంవత్సరంలో 18 తెలుస్తోంది, తరవాత ఒక గుండ్రం, చివరి అంకె ఉండవలసిన చోట దెబ్బ. కాంతిని ఏటవాలుగా పడనిచ్చి నాణేన్ని మెల్లగా తిప్పాలి. నేరుగా వెలుతురు కొడితే అరిగిన రాగి ఏమీ చెప్పదు. బొరుసు వైపు దండ అడుగున ముడి ఉంది. ముడికి రెండు పక్కలా కాడ బయటికి రావాలి. ఒక పక్కే ఉంది. రెండో పక్కన గుల్ల లేదు, దెబ్బ లేదు, చదునుగా ఖాళీగా ఉంది. అరిగిపోయిన కాడకూ, అసలు చెక్కని కాడకూ ఇక్కడే తేడా పట్టాలి: అరిగిన చోట పొరుగున ఉన్నవీ అరుగుతాయి, చెక్కని చోట పొరుగున ఉన్నవి బాగానే ఉంటాయి.

రెండు కాడలూ మరిచిపోయిన అచ్చులు 1797లో ఉన్నాయి, 1802లో ఉన్నాయి, 1803లోనూ ఉన్నాయి. ఒక్కటే మరిచిపోయింది అంటే చూపు 1801 వైపు తిరుగుతుంది. ముడి కింద భిన్నం ఉంటుంది, ఒకటి గీత వంద. ఈ నాణెం మీద గీత కింద మొదటి అంకె నిలువు గీతలా కాక గుండ్రంగా తోస్తోంది. వంద అని కొట్టవలసిన చోట మూడు సున్నాలు కొట్టిన అచ్చులు ఉన్నాయి, అయితే 1801లోనే ఒకటికి మించి ఉన్నాయి, 1802లోనూ ఉంది, ఇదొక్కటే చాలదు. అప్పుడు పైకి వెళ్ళి యునైటెడ్ అన్న మాట మొదటి అక్షరం చూడాలి. ‘యు’ అడుగు వంపు కలవకుండా రెండు ‘ఐ’లు పక్కపక్కన నిలబడ్డట్టుంది. ఇక అనుమానం లేదు. ఒకే బొరుసు అచ్చులో మూడు పొరపాట్లు. సేకర్తల ప్రపంచంలో దాని పేరే మూడు తప్పుల సెంటు, వాళ్ళు వాడే షెల్డన్ పట్టికలో 219వది. ముఖం పోయింది, చివరి అంకె పోయింది. పుట్టిన సంవత్సరాన్ని నిలబెట్టింది చెక్కినవాడి తప్పులు.

అచ్చుతప్పు అన్న మాట ఇక్కడ ఎంత సూటిగా కుదురుతుందో చూడండి. అచ్చులోనే ఉన్న తప్పు. 1796లో ఒక అచ్చు మీద లిబర్టీలోని ‘బి’ని తలకిందులుగా కొట్టి, తెలుసుకుని, సరైనదాన్ని పైన మళ్ళీ కొట్టారు, రెండూ కలిసి ‘హెచ్’లా కనబడి ఆ నాణేనికి లిహర్టీ అని పేరొచ్చింది. పుస్తకాల అచ్చుతప్పును మనం విసుగుతో చూస్తాం. పాఠపరిష్కర్తకు మాత్రం అది చేతికి దొరికిన దారం. రెండు తాళపత్ర ప్రతులు మంచి పాఠంలో కలిస్తే ఏమీ రుజువు కాదు. మంచి పాఠం ఎక్కణ్ణుంచైనా రావచ్చు. ఒకే వింత తప్పులో కలిస్తే రెండూ ఒకే తల్లిప్రతి నుంచి దిగాయని అర్థం. వేమన పద్యాలను ఎన్నో ప్రతులు పోల్చి చూసి 1829లో వెలువరించిన బ్రౌన్‌కి ఈ పని ఎంత ఓపిక అడుగుతుందో తెలుసు. రాగి మీద కూడా అదే పద్ధతి. ఒక బీట కొన్ని నాణేల మీద సన్నటి ఉబ్బుగీతగా మొదలై, ఇంకొన్నిటి మీద పెరిగి, చివరివాటి మీద అంచు ముక్కే ఊడిన గుర్తుగా కనిపిస్తుంది. ఏది ముందు పడింది, ఏది తరవాత పడింది అన్నది ఆ గీత పొడవే చెబుతుంది. సంవత్సరం రాయని వరసను బీట రాసింది.

ఈ అచ్చుల్ని మొదట శ్రద్ధగా చదివినవాళ్ళలో ఫిలడెల్ఫియా వైద్యుడు ఎడ్వర్డ్ మారిస్ ఒకడు. 1794 సెంట్ల మీద ఆయన పుస్తకం 1869లో వచ్చింది. ఆయన అచ్చులకు అంకెలివ్వడంతో ఆగలేదు, పేర్లు పెట్టాడు. ఒకదానికి రెండు మడతల గడ్డం, ఒకదానికి పడిపోయిన నాలుగు, ఒకదానికి వంకర ఏడు. ఇంకొకటి మచ్చపడ్డ తల. మరొకదానికి పుర్రెకు రంధ్రం చేసే శస్త్రచికిత్స పేరు పెట్టాడు. వైద్యుడి కన్ను అక్కడ దాగలేదు. వీనస్ మరీనా అనీ, వయ్యారి అనే అర్థంలో కోక్వెట్ అనీ కూడా ఉన్నాయి. చదివేవాళ్ళు వీటిని చాదస్తం అనుకోవచ్చు. నాకు మాత్రం ఇవి ఆ శాస్త్రంలో అన్నిటికన్నా తెలివైన పని అనిపిస్తాయి. అంకె గుర్తుండాలంటే పట్టిక కావాలి, పేరు గుర్తుండాలంటే చూపు చాలు. పడిపోయిన నాలుగును ఒకసారి చూసినవాడికి అరిగిన నాణెం మీద కూడా ఆ నాలుగు వాలు కనబడుతుంది. తెలుగు ఊళ్ళలో ఒకే పేరున్న నలుగురికి వాళ్ళ నడకను బట్టో రూపాన్ని బట్టో ఊరు పెట్టే పేర్లు కూడా ఈ అవసరంలోంచి పుట్టినవే.

తరవాత 1893లో ఫ్రోసార్డ్, హేస్ ఆ సంవత్సరపు సెంట్లకు కొత్త వరస కట్టారు. 1949లో విలియం షెల్డన్ 1793 నుంచి 1814 దాకా అన్నిటికీ ఒకటే వరస ఇచ్చాడు; 1958లో దాన్నే సవరించి పెన్నీ విమ్సీ పేరుతో వేశాడు. ఒకటి నుంచి 295 దాకా సాగే ఆ అంకెలే ఇవాళ్టికీ వాడుకలో ఉన్నాయి. షెల్డన్ వృత్తిరీత్యా మనస్తత్వ శాస్త్రవేత్త, మనుషుల శరీరాలను మూడు మూసలుగా విభజించి పేరు పొందినవాడు. మనుషుల విషయంలో ఆ విభజన నిలబడలేదు, రాగి విషయంలో నిలబడింది. కారణం నాకు తేలికగానే కనిపిస్తుంది: సెంట్లకు నిజంగా అచ్చులున్నాయి, మనుషులకు లేవు.

ఆయన గురించి ఇంకొకటి కూడా చెప్పాలి, ఎందుకంటే అది ఈ మాట అర్థాన్ని పదును పెడుతుంది. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీకి జార్జ్ క్లాప్ ఇచ్చిన సేకరణలోని మంచి సెంట్లను తీసి వాటి స్థానంలో తక్కువ స్థాయివి షెల్డన్ పెట్టాడన్న సంగతి ఆయన పోయాక బయటపడి, కోర్టు దాకా వెళ్ళింది. నాణేలు మార్చినట్టు ఎలా తెలిసింది? పెట్టినవి అదే అచ్చువి; అచ్చు లక్షణాలన్నీ సరిపోతాయి. కానీ ప్రతి నాణేనికీ చేతులు మారినప్పుడు పడ్డ సొంత గీతలు, చొట్టలు ఉంటాయి. పాత ఫొటోల్లోని ఆ గీతలు సొరుగులోని నాణేల మీద లేవు. అచ్చు వేసిన గుర్తు ఒక గుంపు మొత్తానికి చెందుతుంది, అరుగుదల వేసిన గుర్తు ఆ ఒక్క నాణేనిది. ఇది ఏ అచ్చు అన్న ప్రశ్నకు అరుగుదల అడ్డం. ఇది ఏ నాణెం అన్న ప్రశ్నకు అరుగుదలే జవాబు.

అచ్చు చదవగలగడం వల్ల దొంగతనమే కాదు, దొంగ నాణెం కూడా దొరుకుతుంది. పెద్ద సెంట్లలో 1799 చాలా అరుదు. 1798 ధారాళంగా దొరుకుతుంది. చివరి ఎనిమిదిని గీకి తొమ్మిది చేసిన నాణేలు పాత రోజుల నుంచీ తిరుగుతున్నాయి. అరిగిన నాణెం మీద ఆ గీకుడు పట్టుకోవడం భూతద్దానికి కూడా కష్టం. అయితే అసలైన 1799 సెంట్లలో రకాలు రెండే. చూపిస్తున్న నాణెం మీద ‘లిబర్టీ’ అక్షరాల ఎడమూ, అంకెల వరసా ఆ రెండింటిలో దేనితోనూ కలవకపోతే, తొమ్మిది ఎంత చక్కగా ఉన్నా సరే, అది 1799 కాదు. గీకినవాడు ఒక అంకె మార్చగలిగాడు గానీ మిగతా అక్షరాల మధ్య దూరాలు మార్చలేడు.

మన నేలతో ఈ రాగికి ఒక నిజమైన ముడి ఉంది. ఫిలడెల్ఫియా సెంట్లు కొడుతున్న ఆ సంవత్సరాల్లోనే, 1794లోనూ 1797లోనూ, ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కోసం, అంటే మన కోస్తా జిల్లాల కోసం రాగి నాణేలు కొట్టించింది. రూపాయికి 48 అని ఒకదాని మీద, 96 అని ఇంకోదాని మీద రాసి ఉండే ఈ నాణేలు బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో మాథ్యూ బోల్టన్ టంకసాలలో తయారయ్యాయి. అక్కడి అచ్చు యంత్రాలను ఆవిరి నడిపేది, అచ్చుల్ని మూలపు పంచ్ నుంచి దించేవారు. ఫిలడెల్ఫియాలో చెయ్యి తెచ్చిన తేడాలు అక్కడ చాలా తక్కువ. అదే బోల్టన్ 1797 నుంచి ఫిలడెల్ఫియాకు సెంట్ల కోసం రాగి బిళ్ళలు పంపాడు, వాటి మీద స్కాట్ అచ్చులు పడ్డాయి. ఉత్తర సర్కారుల్లో రాగి నాణెం పేరు డబ్బు. ఇంగ్లీషువాళ్ళు దాన్నే డబ్ అని రాసుకున్నారు. ఇవాళ కోట్ల లెక్కను కూడా డబ్బు అంటున్నామంటే, ఆ రాగి బిళ్ళ పేరు అర్థంలో విస్తరించిందన్నమాట. నాణెం అరిగింది, మాట పెరిగింది.

మరి ఈ చదువుకు తెలుగులో ఏ మాటలు వాడాలి? సేకర్తల ఇంగ్లీషులో ఉన్న వరైటీ అన్నదానికి రకం అని పెట్టేస్తే పలచబడుతుంది. రకం అంటే బంగినపల్లి, రసాలు కూడా. మూస అనడం తప్పు. మూస కరిగినదాన్ని పోసేది, సెంట్లు గుద్దినవి. కథలకూ సినిమాలకూ మూస అంటూ వేసిన మచ్చ కూడా ఆ మాట మీద ఉంది. ముద్ర పనిముట్టు దాకా వెళ్ళదు, నాణెం దగ్గరే ఆగిపోతుంది. అచ్చు ఒక్కటే పనిముట్టు నుంచి ముద్ర దాకా, ముద్ర నుంచి ఒకే ఏర్పాటులో పుట్టిన ప్రతుల గుంపు దాకా వస్తుంది. పుస్తకాల వాళ్ళు రెండో అచ్చు, మూడో అచ్చు అని ఎప్పుడో ఆ దారి వేశారు. అంచేత ‘ఇది ఏ అచ్చు?’ అన్న ప్రశ్న చాలు. జత చెప్పాలంటే అచ్చుజంట. అచ్చు పగలడం మొదలైన దశలు చెప్పాలంటే బీటకు ముందు, బీట తరవాత. పాఠాంతరం అన్న మాటను కూడా అరువు తెచ్చుకోవచ్చు, అక్షరాల ఎడం మారిన చోట.

అలా అనుకుంటే పైన చూసిన నల్లటి నాణేన్ని తెలుగులో ఇలా నమోదు చేయొచ్చు: 1801 సెంటు, షెల్డన్ 219వ అచ్చుజంట. బొమ్మ వైపు చివరి అంకె దెబ్బతింది, తల చదునైంది. బొరుసు అచ్చుతప్పులు మూడు: ముడికి ఒక పక్కే కాడ, భిన్నం అడుగున మూడు సున్నాలు, యునైటెడ్ మొదటి అక్షరం రెండు నిలువు గీతలు. మూడూ ఏటవాలు కాంతిలో చూసి రాసినవి.